సోంపేట ఆసుపత్రి కథ కెనడా కాలేజీలో ఎందుకుంది? పాత కాగితాలు, ఆర్కైవ్‌లు, మన ట్రంకు పెట్టెలు

ఈ ఎపిసోడ్ కంచిలి నుంచి చేస్తున్నాను. వీడియో చూడలేని వాళ్ళు, డేటా అయిపోయిన వాళ్ళు, ఆఫీసులో దొంగతనంగా చదివేవాళ్ళు, అందరి కోసం మాటలన్నీ కింద రాసి పెట్టాం. ఎప్పట్లాగే నేను మాట్లాడినట్టే ఉంటుంది, అక్కడక్కడ కొంచెం సర్దాం అంతే.

కంచిలిలో రైలు దిగిన ప్రతివాళ్ళకీ ఒక తికమక ఉంటుంది. స్టేషన్ ఉన్నది కంచిలిలో. బోర్డు మీద పేరు మాత్రం సోంపేట. సోంపేట ఊరికెళ్ళాలంటే ఇక్కడ దిగి, ఆటో ఎక్కి, ఇంకా కొన్ని కిలోమీటర్లు పోవాలి. కొత్తవాళ్ళు "ఇదేటి, ఊరేది?" అని అడుగుతారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మధ్యలో పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మన సోంపేటలో కెనడా వాళ్ళ మిషన్ ఆసుపత్రి ఉండేదని, ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి దాంట్లోంచే వచ్చిందని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆ ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ అని ఒకాయన పనిచేశారు. ఆయన 1963లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారికి మన దగ్గర చూపు పోయిన మనుషుల సంగతి చెప్పారు. ఆ మాటల్లోంచి 'ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్' అనే సంస్థ పుట్టింది. ఈరోజుకీ అది చాలా దేశాల్లో కంటి వైద్యానికి సాయం చేస్తోంది. అంటే ప్రపంచమంతా తిరిగిన ఒక సంస్థకి మొదటి గుమ్మం మన సోంపేట. మన క్లాసు పుస్తకాల్లో ఇది లేదు.

మరి దీని గురించి వివరంగా తెలుసుకోవాలంటే ఎక్కడికెళ్ళాలి? సోంపేటలో ఒక పెద్దాయన చెప్తారు, సరే. కాగితం మీద చూడాలంటే? శ్రీకాకుళంలో కాదు, విశాఖలో కాదు, హైదరాబాదులో కూడా కాదు. కెనడాలో హామిల్టన్ అనే ఊళ్ళో మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీ ఉంది. ఆ కాలేజీలో కెనడియన్ బాప్టిస్ట్ ఆర్కైవ్స్ ఉంది. ఆ మిషన్ వాళ్ళ కాగితాలు చూడాలనుకునేవాళ్ళు తలుపు తట్టేది అక్కడే.

మన కథ అంత దూరం ఎందుకు పోయింది? అక్కడ దాన్ని ఎలా దాచారు? మన ఇంట్లో అటక మీద ఉన్న ట్రంకు పెట్టెకి దీనికీ సంబంధం ఏంటి? ఈ మూడే ఈరోజు మాట్లాడుకుందాం.

లైబ్రరీ వేరు, ఆర్కైవ్ వేరు

చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. లైబ్రరీలో ఉండేవి అచ్చు పుస్తకాలు. ఒక కాపీ ఇక్కడ పోతే ఇంకో ఊళ్ళో ఇంకో కాపీ దొరుకుతుంది. ఆర్కైవ్‌లో ఉండేది ఒక్కటే కాపీ. ఒకావిడ తన తల్లికి రాసిన ఉత్తరం. ఒక సంఘం మీటింగులో రాసుకున్న మినిట్స్ పుస్తకం. ఒక ఆసుపత్రి జమాఖర్చుల చిట్టా. అది పోతే పోయినట్టే.

ఆర్కైవ్‌లో సరుకు రెండు రకాలు. మొదటిది వ్యక్తిగత పత్రాలు. అంటే ఒక మనిషి బతుకులో పోగైన కాగితాలు: ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు, నోటుబుక్కులు, పెళ్ళి శుభలేఖలు, అప్పు చీటీలు. రెండోది సంస్థల రికార్డులు. అంటే ఒక సంఘమో కాలేజీయో ఆసుపత్రో పనిచేస్తూ ఉంటే ఆ పనిలోంచి పుట్టినవి: తీర్మానాలు, రసీదు పుస్తకాలు, హాజరు పట్టీలు, పై ఆఫీసుకి పంపిన రిపోర్టులు.

ఈ రెండింటికీ తేడా ఎందుకు తెలియాలంటే, రెండూ ఒకే సంగతిని రెండు గొంతులతో చెప్తాయి. సంఘం మినిట్స్‌లో "చర్చ జరిగింది, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు" అని ఉంటుంది. అదే రోజు సెక్రటరీ ఇంట్లో రాసుకున్న డైరీలో "ఇవాళ కుర్చీలు లేచాయి" అని ఉంటుంది. నిజం తెలియాలంటే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అందుకే మంచి ఆర్కైవ్‌లు ఒకే ఉద్యమానికో ఒకే మిషన్‌కో సంబంధించిన ఈ రెండు రకాలూ ఒక చోటికి చేర్చడానికి తాపత్రయపడతాయి.

కాలేజీకే ఎందుకు చేరాయి?

కెనడా బాప్టిస్టులు తెలుగు దేశానికి వచ్చిన కథ కాకినాడలో మొదలైంది. అక్కడ థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేస్తూ, తర్వాత సొంతంగా ఒక మిషన్ నడిపారు. డబ్బు చాలక కెనడా వాళ్ళ సాయం అడిగారు. 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చి ఆ పని అందుకున్నారు. 1875లో గాబ్రియేల్ చనిపోయారు.

అదే 1875లో కెనడా తూర్పు తీరం నుంచి, అంటే నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ వైపు నుంచి, ఇంకో బృందం వచ్చింది. వాళ్ళు ముందు 1873లో సయాం వెళ్ళారు, ఇప్పటి థాయ్‌లాండ్. అక్కడ కుదరక మన వైపు వచ్చారు. భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, పర్లాకిమిడి, టెక్కలి, తర్వాత సోంపేట, ఇలా మన ఉత్తరాంధ్ర అంతా వాళ్ళ స్టేషన్లు వెలిశాయి.

వాళ్ళలో హానా మరియా నార్వుడ్ అనే ఆవిడ సంగతి చెప్పాలి. 1870లో ఆవిడ విదేశాలకి వెళ్తానంటే బోర్డు డబ్బులేదంది. ఆవిడ ఊరూరూ తిరిగి, చర్చిలలోని ఆడవాళ్ళని కూడగట్టి, కొద్ది నెలల్లోనే 30కి పైగా మహిళా సంఘాలు పెట్టించారు. మన డ్వాక్రా సంఘం పొదుపు చూశారు కదా, దాదాపు ఆ పద్ధతే. ఇంటింటికీ చిన్న చందా, నెలనెలా మీటింగు, ఒక పుస్తకంలో లెక్క. ఆ లెక్కల పుస్తకాలే ఇవాళ సంస్థల రికార్డులు అనే మాటకి అసలైన ఉదాహరణ. రాసినప్పుడు వాళ్ళు చరిత్ర రాస్తున్నాం అనుకోలేదు. అణాపైసలు తేడా రాకూడదని రాసుకున్నారు.

ఇంకొకావిడ మటిల్డా చర్చిల్. భర్త జార్జ్ చర్చిల్‌తో బొబ్బిలిలో చాలా ఏళ్ళు ఉన్నారు. 1871 నుంచి ఆవిడ రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. ఇవి వ్యక్తిగత పత్రాలు. ఇంటికి రాసిన ఉత్తరాలని ఎవరో పారెయ్యకుండా దాచబట్టే పుస్తకం అయింది.

ఇక ఈ కాగితాలు కాలేజీకి చేరడానికి కారణం సింపుల్. మిషనరీలుగా వచ్చినవాళ్ళలో చాలామంది ఆ చర్చిల కాలేజీల్లో చదివినవాళ్ళే. మెక్‌మాస్టర్ 1887లో బాప్టిస్టుల విద్యాసంస్థగా టొరంటోలో పుట్టింది, 1930లో హామిల్టన్‌కి మారింది. 1957లో యూనివర్సిటీ చర్చి చేతుల్లోంచి బయటికొచ్చి, డివినిటీ కాలేజీ విడిగా నిలబడింది. తూర్పు తీరంలో అకాడియా యూనివర్సిటీ ఉంది, 1838లో మొదలైంది. అట్లాంటిక్ వైపు బాప్టిస్టుల ఆర్కైవ్ అక్కడ ఉంది. మనుషులు రిటైరవుతారు, బోర్డులు పేరు మార్చుకుంటాయి, ఆఫీసులు ఖాళీ అవుతాయి. కాలేజీ మాత్రం కదలదు. బిల్డింగు ఉంటుంది, లైబ్రేరియన్ ఉంటాడు, ఏటేటా కొత్త పిల్లలు వస్తారు. కాగితానికి అంతకన్నా మంచి ఇల్లు దొరకడం కష్టం.

పెట్టెలో ఎలా సర్దుతారు?

ఆర్కైవ్‌లో కాగితాల్ని సబ్జెక్టు ప్రకారం విడగొట్టరు. సోంపేట మీద ఉన్నవన్నీ ఒక చోట, కలరా మీద ఉన్నవన్నీ ఇంకో చోట, అలా పెట్టరు. ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో వాళ్ళ పేరు మీదే, వాళ్ళు పెట్టుకున్న వరసలోనే ఉంచుతారు. ఇలా ఒక మూలం నుంచి వచ్చిన మొత్తాన్ని కెనడాలో 'ఫాండ్స్' అని రాస్తారు. ఫ్రెంచి మాట, పలికేటప్పుడు చివరి అక్షరాలు మింగేస్తారు. 1841లో ఫ్రాన్స్‌లో ఈ పద్ధతిని అధికారికంగా ఖాయం చేశారు, తర్వాత ప్రపంచమంతా పాకింది.

ఎందుకలా? ఫోన్‌లోంచి ఉదాహరణ చెప్తా. మీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఉంది: "సరే, కానీయండి." అది ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఏమైనా అర్థమవుతుందా? పైన ఉన్న పది మెసేజ్‌లు, కింద ఉన్న పది మెసేజ్‌లు, ఆ గ్రూపు పేరు, రాసినవాడు ఎవడు, ఇవన్నీ ఉంటేనే దానికి అర్థం. పాత ఉత్తరం కూడా అంతే. పక్కన ఉన్న కాగితంలోంచి విడదీస్తే సగం చచ్చిపోతుంది.

ఇలా సర్దాక ఒక జాబితా రాస్తారు. ఏ పెట్టెలో ఏ ఫోల్డరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎవరు రాసింది, చూడడానికి ఏమైనా షరతులున్నాయా అని. మన భాషలో చెప్పాలంటే ఆర్కైవ్‌కి అది మ్యాపు. అది లేకపోతే కాగితాలున్నా లేనట్టే. ఇంకో తమాషా, ఆర్కైవ్‌లో సరుకుని పుస్తకాల్లా లెక్కపెట్టరు, గుడ్డలాగా మీటర్లలో కొలుస్తారు. అరలో పెట్టెలు ఎంత పొడుగు పరుచుకున్నాయో అదే లెక్క.

ఫోన్‌లో వెతికితే ఎందుకు దొరకదు?

ఇప్పుడు మొదట్లో చెప్పిన స్టేషన్ బోర్డు దగ్గరికి వద్దాం. మీరు ఫోన్ తీసి ఏదో ఆర్కైవ్ కేటలాగులో 'శ్రీకాకుళం' అని కొడతారు. ఏమీ రాదు. అబ్బే, ఏం లేదు అని మూసేస్తారు. కానీ అక్కడ ఆ ఊరు 'చికాకోల్' అనే పేరుతో ఉంటుంది. కాకినాడ 'కొకనాడ'. విశాఖ 'విజగపటం'. భీమిలి 'బిమ్లిపటం'. మన సోంపేటకే ఇంగ్లీషులో రెండు మూడు రకాల స్పెల్లింగులున్నాయి. కాబట్టి పాత పేరు, కొత్త పేరు, తప్పు స్పెల్లింగు, అన్నీ కొట్టి చూడాలి. కంచిలి అని వెతికితే రాకపోతే సోంపేట అని వెతకాలి, స్టేషన్ బోర్డు నేర్పిన పాఠం అదే.

ఇంకో మెలిక జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన సోంపేట, టెక్కలి, ఇచ్ఛాపురం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆ రోజు తర్వాత మనం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. మీ ముత్తాత కదలకుండా ఒకే ఇంట్లో కూర్చుని మూడు జిల్లాల్లో బతికాడు. ఆయన కాగితాలు కూడా అలాగే చెల్లాచెదురు. 1936కి ముందు ప్రభుత్వ రికార్డు కావాలంటే గంజాం పేరు మీద వెతకాలి, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో గానీ ఒడిశా వైపు గానీ చూడాలి. తర్వాతది విశాఖ పేరు మీద.

దూరంగా ఉన్న ఆర్కైవ్‌కి మెయిల్ రాయాలంటే భయపడకండి. "మా ఊరి గురించి ఏమున్నా పంపండి" అని రాస్తే వాళ్ళేం చెయ్యలేరు. ఇలా రాయండి: ఏ ఊరు, పాత పేరు ఏంటి, ఏ ఏళ్ళ మధ్య, ఏ మనిషి లేదా ఏ ఆసుపత్రి, నాకు దేనికోసం కావాలి. నాలుగు లైన్లు చాలు. ఇంగ్లీషు బాగా లేకపోయినా పర్లేదు, ఊరు, ఏడాది, పేరు ఈ మూడూ కరెక్టుగా ఉంటే చాలు. స్కానింగుకి డబ్బులు అడగొచ్చు, ముందే ఎంతవుతుందో అడిగి తెలుసుకోండి. ఎప్పుడైనా స్వయంగా ఏ ఆర్కైవ్‌కైనా వెళ్తే, పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బ్యాగు బయట పెట్టాలి. ఫ్లాష్ కొట్టకూడదు. ఒక్కసారికి ఒక్క ఫోల్డరే ఇస్తారు. విసుక్కోకండి, వరస చెడకూడదనే ఆ రూలు.

ఆ కాగితాల్లో మన పేర్లు ఉన్నాయా?

ఇక్కడ కొంచెం చేదు మాట చెప్పాలి. ఇలాంటి మిషన్ ఉత్తరాలు రాసినవాళ్ళు కెనడా వాళ్ళు, చదివినవాళ్ళు కెనడా వాళ్ళు. చందాలిచ్చే జనానికి నచ్చేలా రాయాల్సిన అవసరం కూడా వాళ్ళకి ఉండేది. కాబట్టి మనం ఎలా కనిపిస్తామంటే, 'ఒక బైబిల్ ఉమన్', 'మా వంటవాడు', 'ఒక సవర మనిషి'. పాత ఫొటోల్లో తెల్లవాళ్ళకి పేరుంటుంది, పక్కన నిలబడ్డ తెలుగువాళ్ళకి చాలాసార్లు ఉండదు. ఎండలో ఊరూరూ నడిచిన ఆ బైబిల్ ఉమన్ ఎవరు? రాత్రంతా మేలుకున్న నర్సమ్మ ఎవరు? కట్టు కట్టిన కాంపౌండరు ఎవరి తాతగారు? వాళ్ళు కూడా ఉత్తరాలు రాశారు. కార్డుముక్కలు రాశారు. అవి కెనడా వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నాయి, లేదా ఇక్కడే చెదలు పట్టాయి.

ఇది మిషన్ ఒక్కదాని సంగతి కాదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుంచి రైతులు వచ్చారు. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలో, గుడారి రాజమణిపురంలో, అడవి హక్కుల గొడవలో పోలీసులు కాల్పులు జరిపారు. నిండు చూలాలు గున్నమ్మ చనిపోయింది. ఇవాళ ఆవిడ్ని వీరగున్నమ్మ అంటున్నాం. అలాంటి ఘటనల మీద పోలీసు రిపోర్టు ఉంటుంది, కలెక్టరు ఉత్తరం ఉంటుంది. ఎందుకంటే ప్రభుత్వానికి బీరువాలున్నాయి, గుమస్తాలున్నారు. కాల్పుల్లో పడిపోయినవాళ్ళ ఇంట్లో ఏముంటుంది? ఉద్యమాల్లో ఇంకో బాధ కూడా ఉంది, సోదాల్లో దొరుకుతాయన్న భయంతో కాగితాల్ని పొయ్యిలో పెట్టేస్తారు. చివరికి మిగిలేది కొట్టినవాళ్ళ రికార్డే.

మనకి గుర్తున్న కాలంలోకి వద్దాం. 2010 జులై 14. బీలలో థర్మల్ ప్లాంటు వద్దని సోంపేట దగ్గర జనం నిలబడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ గొడవకి మూలం ఏంటి? ఒక మాట. కాగితం మీద ఆ నేల బంజరు. జనం దృష్టిలో అది బీల, అంటే నీళ్ళుండే చోటు, చేపలు పట్టే చోటు, వరి పండే చోటు. బంజరు అని రాయడానికి ఒక ఉద్యోగికి ఒక నిమిషం పడుతుంది. అది బంజరు కాదని నిరూపించడానికి మనకి ఏళ్ళు పట్టింది. అలాంటప్పుడు పాత శిస్తు రసీదు, మత్స్యకారుల సొసైటీ పుస్తకం, నీళ్ళల్లో నిలబడి తీసుకున్న ఒక పెళ్ళి ఫొటో, ఏదైనా సాక్ష్యమే. అందుకే అంటున్నా, పాత కాగితాలు అంటే ముసలివాళ్ళ సరదా కాదు.

మన ట్రంకు పెట్టె సంగతి

ఉద్దానంలో ఏ ఇంట్లోనైనా ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. పట్టాలు, దస్తావేజులు పైన ఉంటాయి, అవి అందరూ దాస్తారు. వాటికింద ఉన్నవే అసలైనవి. రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాలు ఉండొచ్చు, మన తీరం నుంచి ఒకప్పుడు ఎంతమంది బర్మా వెళ్ళారో మీకు తెలుసు కదా, 1942లో జపాను బాంబులకి ఎంతమంది కాలినడకన తిరిగొచ్చారో పెద్దవాళ్ళు చెప్తారు. జీడి పిక్కల ఫ్యాక్టరీ కూలి చీటీలు. నాటకం కరపత్రాలు. యువజన సంఘం రసీదు పుస్తకం.

ఇంకోటి, మన ప్రాంతానికి మాత్రమే సంబంధించినది. కిడ్నీ రిపోర్టులు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఒక మనిషికి పదిహేనేళ్ళుగా క్రియాటినిన్ ఎలా పెరుగుతూ వచ్చిందో చెప్పే కాగితాల కట్ట ఇంట్లో ఉంటే, అది డాక్టరుకి బంగారం. మనిషి పోయాక దుఃఖంలో వాటిని పారేస్తారు, తప్పు పట్టలేం. కానీ కొన్ని ల్యాబ్ స్లిప్పులు, బిల్లులు వేడికి అచ్చయ్యే కాగితం మీద ఉంటాయి. కొన్నేళ్ళకే అక్షరాలు వెలిసి తెల్ల కాగితం మిగులుతుంది. వాటిని ముందు ఫొటో తీయండి. అయితే అవి మీ ఇంటి మనిషి ఒంటి సంగతులు. గ్రూపుల్లో పెట్టకండి, ఇంట్లో అందరి అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మీద నుంచే వెళ్ళింది. కొబ్బరి, జీడి చెట్లు పోయినవి అందరూ లెక్కపెట్టారు. పైకప్పు లేచిపోయిన ఇళ్ళలో తడిసి ముద్దైన కాగితాల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. కాబట్టి వానాకాలం రాకముందే చేయాల్సిన పనులు చెప్తా.

ఒకటి, ముందు వరస చెడగొట్టకండి. పెట్టె తెరవగానే పైనుంచి ఒక ఫొటో తియ్యండి. ఏ కట్ట ఏ గుడ్డలో ఉందో అలాగే ఉంచండి. దారంతో కట్టి ఉంటే, ఎవరు ఎందుకు కట్టారో ఇంట్లో అడిగి, ఆ సమాధానం రికార్డు చెయ్యండి.

రెండు, తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు మెల్లగా తీసెయ్యండి. రబ్బరు బ్యాండ్లు తీసెయ్యండి. సెల్లోటేపు వెయ్యకండి. లామినేషన్ అసలు చేయించకండి. అది ప్రేమతో చేసే హత్య లాంటిది, మళ్ళీ విడదీయలేరు.

మూడు, పెట్టె నేల మీద పెట్టకండి, గోడకి ఆనించకండి. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు నీడలో గాలి తగలనివ్వండి, ఎండలో మాత్రం ఆరబెట్టకండి.

నాలుగు, తడిసిపోతే కంగారుగా పేజీలు లాగకండి. నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఒకేసారి ఎక్కువ తడిసి, ఆరబెట్టే వీలు లేకపోతే, కవర్లో పెట్టి ఫ్రీజర్లో పెట్టండి. నవ్వకండి, పెద్ద పెద్ద లైబ్రరీలు వరదలొచ్చినప్పుడు చేసేది అదే. బూజు ఆగుతుంది, తర్వాత కొంచెం కొంచెంగా ఆరబెట్టుకోవచ్చు.

ఐదు, ఫొటో. కిటికీ వెలుతురులో, ఫోన్ కాగితానికి సరిగ్గా పైన పెట్టి, ఫ్లాష్ లేకుండా. ముందు, వెనక, కవరు, దాని మీద పోస్టాఫీసు ముద్ర, అన్నీ. తారీకు చాలాసార్లు ఆ ముద్రలోనే ఉంటుంది. ఫైలుకి పేరు ఏడాదితో మొదలుపెట్టండి, తర్వాత ఊరు, తర్వాత ఏంటది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మూడు కాపీలు ఉంచండి, ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య దగ్గరో అక్క దగ్గరో ఒకటి. తుపాను ఒకేసారి రెండూళ్ళ పెట్టెల్ని ముంచితే ముంచొచ్చు గానీ, హైదరాబాదులో ఉన్న పెన్‌డ్రైవ్‌ని ముంచదు.

ఆరు, ఇది సంఘాలు నడిపే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. మీ యువజన సంఘం, రక్తదానం గ్రూపు, వినాయక చవితి కమిటీ, వీటి మినిట్స్ పుస్తకం ఇప్పుడు వాట్సాపే. ఎవడో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ చేశాడనుకోండి, మీ సంఘం చరిత్ర వారానికొకసారి ఆవిరైపోతుంది. ఏడాదికోసారి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, జమాఖర్చులతో కలిపి దాచండి. గ్రూపులో వాళ్ళకి చెప్పి చెయ్యండి.

ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి?

"ఇంత పని మన ఊళ్ళో అయ్యేదేనా" అనేవాళ్ళకి కథానిలయం పేరు చెప్తాను. కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో దాన్ని మొదలుపెట్టారు. స్కూలు మాస్టారుగా పనిచేసిన మనిషి. తనకొచ్చిన సాహిత్య అకాడమీ అవార్డు డబ్బు కూడా అందులో పెట్టారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక చోట ఉండాలని పాత పత్రికలు వెతికి వెతికి తెచ్చారు. ఆయన 2021లో వెళ్ళిపోయారు, కథానిలయం ఉంది. ఎక్కడో అమెరికాలో కూర్చుని తెలుగు కథ మీద రిసెర్చి చేసేవాళ్ళు కూడా మన శ్రీకాకుళం వైపు చూడాల్సిందే. అంటే దారి రెండు వైపులా ఉంటుంది. మన కాగితాలకోసం మనం హామిల్టన్ వెళ్ళడమే కాదు, వాళ్ళు మన దగ్గరికి రావడం కూడా జరుగుతుంది.

మీ కాగితాలు ఏదైనా కాలేజీకో లైబ్రరీకో ఇవ్వాలనుకుంటే, సంచిలో పెట్టి టేబుల్ మీద పెట్టి వచ్చెయ్యకండి. ఒక కాగితం రాసుకోండి, రెండు వైపులా సంతకాలు. అందులో ఉండాల్సినవి: ఏమేం ఇచ్చారో జాబితా. ఎవరు చూడొచ్చు. ఏదైనా కొన్నేళ్ళ పాటు మూసి ఉంచాలంటే ఎన్నేళ్ళు. స్కాన్ కాపీ మీకిస్తారా. ఆ సంస్థ మూతపడితే మీకు తిరిగిస్తారా. ఈ ప్రశ్నలకి సమాధానం చెప్పలేని చోట అసలు ఇవ్వకండి, స్కాన్ మాత్రమే ఇవ్వండి.

ఇంకో చిన్న చట్టం సంగతి. మీ తాతగారికి ఆయన స్నేహితుడు రాసిన ఉత్తరం మీ దగ్గరుంది. కాగితం మీది. కానీ అందులోని మాటల కాపీరైటు రాసినాయనది, ఆయన తర్వాత ఆయన వారసులది. దాచుకోవచ్చు, చదువుకోవచ్చు. పుస్తకంగా అచ్చు వెయ్యాలన్నా, మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టాలన్నా వాళ్ళని అడగాలి. ఉత్తరంలో ఎవరి ఇంటి గుట్టైనా ఉంటే, చట్టం సరేనన్నా మనసు ఒప్పుకోవాలి కదా.

చివరిగా ఒక్క మాట. హామిల్టన్‌లో ఉన్న కాగితాల్ని ఎవరో మన దగ్గర దోచుకుపోయారని నేను అనడం లేదు. వాళ్ళు రాసుకున్నవి వాళ్ళు దాచుకున్నారు, చక్కగా దాచుకున్నారు, అడిగితే చూపిస్తారు. నా బాధల్లా ఆ కథలో ఒక వైపే మాట్లాడుతోందని. రెండో వైపు మాట్లాడాల్సిన కాగితం మీ ఇంట్లో ఉండొచ్చు. కవిటిలోనో, బారువలోనో, మందసలోనో, ఒక నాయనమ్మ బీరువాలో, చీరల మడతల కింద.

ఈ ఆదివారం పెద్దగా ఏం చెయ్యక్కర్లేదు. ఇంట్లో ఒక పాత ఫొటో తీసుకుని, అందులో ఉన్న అందరి పేర్లు పెద్దవాళ్ళని అడిగి, మెత్తటి పెన్సిల్‌తో వెనక మెల్లగా రాయండి. ఊరు, సుమారు ఏడాది కూడా. నాయనమ్మకి ఆ పేర్లు ఈ ఏడు గుర్తున్నాయి, వచ్చే ఏడు ఉంటాయో లేదో. అలా రాసినప్పుడు మీకు తెలిసిన కొత్త సంగతి ఏదైనా ఉంటే కామెంట్లో చెప్పండి, ఇంటి గుట్టు కాకుండా చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.